అద్దె సైకిళ్ళకి హెల్మెట్ ఎలా ఇవ్వాలి? బుట్టలో పెడితే పది రోజుల్లో ఖాళీ

కీచుబ్రేకు
మా యూనివర్సిటీలో అద్దె సైకిళ్ళు పెడుతున్నాం. ఆరు స్టాండ్లు, 60 సైకిళ్ళు. ఒక స్టాండ్‌లో తీసుకుని ఇంకో స్టాండ్‌లో పెట్టేసి వెళ్ళిపోవచ్చు. లాక్, యాప్, డిపాజిట్ అన్నీ కుదిరాయి. హెల్మెట్ దగ్గరే మూడు వారాలుగా బండి కదలట్లేదు. కమిటీ మీటింగ్ అంటే చాలు, అందరం తల పట్టుకుని కూర్చోవడమే.

"హెల్మెట్‌తో సహా ఇవ్వాలి, అప్పుడే భద్రత" అని పైవాళ్ళ పట్టు. సరే అని ట్రయల్‌కి 20 సైకిళ్ళ బుట్టల్లో ఒక్కోటి పెట్టాం. పది రోజుల తర్వాత లెక్క చూస్తే 7 మాయం. రెండు వానకి తడిసి ముక్కు మూసుకునే వాసన. ఒకదాంట్లో ఎవరో పక్షులకి నీళ్ళు పోసి చెట్టుకి వేలాడదీశారు. మిగతావాటికి పట్టీ మీద కంపెనీ కట్టిన ట్యాగ్ కూడా ఊడలేదు.

ఇది సరిగ్గా చేసినవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా? డబ్బాలో పెట్టాలా, సైకిల్‌కే కట్టాలా, మెషీన్‌లోంచి ఇవ్వాలా? అసలు ఇవ్వాలా వద్దా అని కూడా అడుగుతున్నా. తిట్టొద్దు.

తొక్కుడుబిళ్ళ
20లో ఒకటి ప్రాణాలు కాపాడుతోంది కదా. పక్షులవైతేనేం.

మూడోగేరు
మీరు అడిగిన పద్ధతులన్నీ ఊళ్ళవాళ్ళు చేసి చూసేశారు.

డబ్బా: సియాటిల్‌లో 2014 అక్టోబర్‌లో ప్రోంటో అని మొదలైంది. 500 సైకిళ్ళు, 50 స్టాండ్లు. అక్కడ అప్పట్లో హెల్మెట్ తప్పనిసరి. స్టాండ్ పక్కన ఒక డబ్బాలోంచి తీసుకోవడం, దిగిన చోట వాడినవాటి డబ్బాలో వెయ్యడం. కాపలా లేదు, అంతా నమ్మకం మీదే. వాడినవి పోగుచేసి, కడిగి, పగుళ్ళు చూసి మళ్ళీ పెట్టేవాళ్ళు. అంటే సైకిళ్ళ వ్యాపారంతో పాటు చాకిరేవు కూడా నడపాలి. 2017 మార్చి 31న మూసేశారు. హెల్మెట్ ఒక్కటే కారణం కాదు లెండి. ఎత్తుపల్లాల ఊరు, వానలు, స్టాండ్లు చాలినన్ని లేవు.

కొనిపించడం: మెల్‌బోర్న్‌లో 2010లో పెట్టారు. దగ్గర్లోని దుకాణంలో 5 డాలర్లకి హెల్మెట్ కొనుక్కోమన్నారు. సైకిల్ ఎక్కడానికి ముందు దుకాణానికి నడవాలన్నమాట. తర్వాత దారికొచ్చి సైకిళ్ళ మీదే ఉచితంగా పెట్టారు. అదీ 2019 నవంబర్‌లో మూతపడింది.

సైకిల్‌కే కట్టడం: వాంకూవర్‌లో 2016లో మొదలైన మోబి. ఒక్కో సైకిల్‌కీ ఒక్కో హెల్మెట్, కేబుల్ లాక్ దాని సందుల్లోంచి దూరి ఉంటుంది. అక్కడా చట్టం ఉంది (1996 నుంచి). ఇది మాత్రం నిలబడింది.

నా ఓటు మూడోదానికి.

చైన్_ఊడింది
మెల్‌బోర్న్ సంగతి సగమే చెప్పారు. లోకంలో మొట్టమొదట సైకిల్ హెల్మెట్ తప్పనిసరి చేసింది ఆ ఊరున్న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమే, 1990 జులై 1న. అద్దె సైకిల్ అంటేనే అప్పటికప్పుడు అనుకుని ఎక్కేది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు సాయంత్రం సైకిల్ ఎక్కుతానని ఎవడికి తెలుసు? హెల్మెట్ లేకపోతే జరిమానా అంటే నడిచిపోతాడు. ఇది గ్రహించే మెక్సికో నగరం 2010లో ఎకోబిసి అనే అద్దె సైకిళ్ళు మొదలుపెట్టినప్పుడు హెల్మెట్ నిబంధన తీసేసింది. టెల్ అవీవ్‌లో అద్దె సైకిళ్ళు వచ్చిన 2011లోనే ఇజ్రాయెల్ కూడా ఊళ్ళలో పెద్దవాళ్ళకి సడలించింది.

జనం ఎక్కువ తొక్కితే కార్లవాళ్ళకి కళ్ళు అలవాటు పడతాయి. 2003లో జేకబ్‌సెన్ అనే పరిశోధకుడు రాసింది ఇదే: తొక్కేవాళ్ళు పెరిగినంతగా ప్రమాదాలు పెరగవు, ఒక్కొక్కరికీ ముప్పు తగ్గుతుంది. జనాన్ని తగ్గించే ఏ నియమమైనా భద్రత కాదు.

రాత్రిపాళీ
నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని. పైన రాసిందంతా చదివాను. "జనం పెరిగితే ముప్పు తగ్గుతుంది" అన్నమాట స్ట్రెచర్ మీద ఉన్నవాడికి చెప్పి చూడండి.

2017లో 40 అధ్యయనాల్ని, 64 వేల మందికి పైగా గాయపడ్డవాళ్ళ వివరాల్ని కలిపి చూశారు. హెల్మెట్ ఉన్నవాళ్ళలో తల గాయం అవకాశం 51 శాతం తక్కువ. తీవ్రమైన తల గాయమైతే 69 శాతం తక్కువ. చట్టం చెయ్యాలా వద్దా అని మీరు రాత్రంతా కొట్టుకోండి. పెట్టుకుంటే పనిచేస్తుందా అన్నదాంట్లో మాత్రం నాకు సందేహం లేదు.

చైన్_ఊడింది
నేను పనిచెయ్యదని ఎక్కడన్నాను? తప్పనిసరి చెయ్యొద్దన్నాను. రెండూ ఒకటి కాదు.

రాత్రిపాళీ
కీచుబ్రేకు గారు కూడా తప్పనిసరి గురించి అడగలేదు. ఎలా ఇవ్వాలని అడిగారు. చట్టం తెచ్చింది మీరే.

తొక్కుడుబిళ్ళ
పాప్‌కార్న్ తెచ్చుకుంటా ఉండండి.

బుడిబుడి
అద్దె సైకిళ్ళు వచ్చిన ఊళ్ళలో తల గాయాలు పెరిగాయని ఎప్పుడో పేపర్లో చదివాను. అమెరికాలో అనుకుంటా. మరి దానికేమంటారు?

లెక్కలమాస్టారు
ఆ వార్త నాకు బాగా గుర్తు. క్లాసులో ఇప్పటికీ వాడుకుంటాను. 2014లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అది. అద్దె సైకిళ్ళు వచ్చిన ఊళ్ళలో సైకిల్ గాయాలన్నిటిలో తల గాయాల వాటా 42.3 శాతం నుంచి 50.1 శాతానికి పెరిగింది. పత్రికలు "తల గాయాలు పెరిగాయి" అని వేసేశాయి.

పెరిగింది వాటా. అదే లెక్కల్లో గాయాల మొత్తం సంఖ్య తగ్గింది, తల గాయాల సంఖ్యా తగ్గింది. మిగతా గాయాలు ఇంకా ఎక్కువ తగ్గడంతో తల వాటా పెరిగినట్టు కనబడింది. పైగా ఆ లెక్కలో అద్దె సైకిల్ ఏది, సొంత సైకిల్ ఏది అన్న తేడా లేదు. బోడిగుండుకీ మోకాలికీ ముడి అంటే ఇదే. ఇక్కడ నిజంగానే గుండూ మోకాలూ ఉన్నాయి.

తొక్కుడుబిళ్ళ
మాస్టారూ, రిటైరయ్యాక కూడా ఇలాగే ఉండండి.

నీలిగొడుగు
శాతాలు సరే. ఆ హెల్మెట్ లోపల ఎప్పుడైనా చెయ్యి పెట్టి చూశారా? ముందువాడి చెమట, ముందువాడి నూనె. నేనొకసారి అద్దె సైకిల్ తీసుకుని హెల్మెట్ తలదాకా తెచ్చి, వాసనకి మళ్ళీ బుట్టలో పడేశాను. పెట్టుకోకూడదని కాదు. పెట్టుకోలేక.

ఇంకోటి, జుట్టు. కొప్పు వేసుకుంటే హెల్మెట్ నెత్తిమీద దేవాలయ గోపురంలా నిలబడుతుంది. నుదురంతా ఖాళీ. అలా పెట్టుకుంటే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మీ కమిటీలో ఆడవాళ్ళు ఎంతమంది?

బుడిబుడి
మరి పేలు? ఎవరూ ఎత్తరేం?

రాత్రిపాళీ
పేలు తల వదిలితే ఒకటి రెండు రోజులకి మించి బతకవు. ఎక్కువగా తలకి తల తగిలితేనే పాకుతాయి, వస్తువుల ద్వారా అరుదు. నీలిగొడుగు చెప్పిన చెమట, మురికి, అవి అసలు సమస్య. మనిషికి రోత అనిపిస్తే ఇక ఆ వస్తువు వాడడు, నేను ఎన్ని శాతాలు చెప్పినా.

కీచుబ్రేకు
నీలిగొడుగు గారూ, తొమ్మిదిమందిలో ఒకరు. ఆవిడ ట్రయల్ రోజు రాలేదు. తప్పు ఒప్పుకుంటున్నా.

సొట్టబుర్ర
హెల్మెట్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. తెలియాల్సింది ఒకటుంది, దాని చుట్టూనే మిగతాదంతా.

లోపల ఉండేది థర్మాకోల్ జాతి. మన ప్యాకింగుల్లో వచ్చే దానికంటే గట్టిది, అంతే తేడా. తల నేలకి తగిలినప్పుడు ఆ థర్మాకోల్ నలిగి దెబ్బని మింగుతుంది. నలిగింది మళ్ళీ పొంగదు. ఒక్క గట్టి దెబ్బకే దాని పని అయిపోయింది. పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం తళతళలాడుతూ ఉండొచ్చు.

పరీక్ష కూడా అలాంటిదే. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078లో నకిలీ తలకి హెల్మెట్ తొడిగి, చదునైన దిమ్మ మీదకి సెకనుకి 5.42 మీటర్ల వేగంతో పడేస్తారు. అంటే మీటరున్నర ఎత్తు నుంచి వదిలినట్టు. తలకి అందే కుదుపు 250 జీ (అంటే భూమ్యాకర్షణకి 250 రెట్లు) దాటకూడదు. అమెరికా వాళ్ళది 2 మీటర్ల ఎత్తు, 300 జీ. ఇవి సైకిల్ మీంచి తల నేలకి పడే దెబ్బలకి సరిపోయే లెక్కలు. కారు వేగంగా వచ్చి గుద్దితే ఏ సైకిల్ హెల్మెట్టూ ఆ భరోసా ఇవ్వదు.

సొంత హెల్మెట్ ఎన్నిసార్లు పడిందో మీకు తెలుసు. అద్దెదానికి జాతకం లేదు. నాకు అద్దె హెల్మెట్ అంటే భయం అందుకే, పేల వల్ల కాదు.

ఇంకొక్క మాట: శుభ్రం చెయ్యడానికి థిన్నర్, పెట్రోల్ లాంటివి వాడొద్దు. తొడుగూ థర్మాకోలూ రెండూ పాడవుతాయి. సబ్బునీళ్ళు చాలు.

చైన్_ఊడింది
"కారు గుద్దితే భరోసా లేదు." థాంక్స్. నేను చెప్పేది అదే కదా.

సొట్టబుర్ర
కాదు. సైకిల్ మీంచి పడేవాళ్ళందరినీ కారు గుద్దదు. చక్రం జారి పడతారు, గుంతలో పడతారు, ఫోను చూస్తూ పడతారు.

గాలివాటం
హెల్మెట్ పెట్టుకుంటే కార్లు ఇంకా దగ్గర్నించి పోతాయని ఒక ప్రొఫెసర్ కొలిచాడు కదా? 2007లో, ఇంగ్లండ్‌లోని బాత్‌లో. సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా.

లెక్కలమాస్టారు
కొలిచాడు, నిజమే. తర్వాత అదే డేటాని వేరేవాళ్ళు మళ్ళీ విశ్లేషించి, నిజంగా ప్రమాదకరమైన దూరాల్లో హెల్మెట్ వల్ల తేడా రాలేదన్నారు. ఆ 8.5 సెంటీమీటర్ల మీద సిద్ధాంతం కట్టకండి.

మూడోగేరు
సొట్టబుర్ర చెప్పిన జాతకం మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు సైకిల్ గురించి చెప్పాలి. అందరూ తల మీదే ఉన్నారు, కింద బండిని ఎవరూ చూడట్లేదు.

నేను రెండేళ్ళు ఒక అద్దె సైకిళ్ళ సంస్థలో రిపేర్ షెడ్డు చూశాను. పేరు చెప్పను. మనిషిని పడెయ్యకుండా ఆపేది ముందు సైకిలే. పారిస్ అద్దె సైకిళ్ళు, వెలిబ్, 2007లో వచ్చినప్పుడు ఒక్కో బండి 22 కిలోల పైమాటే. లావు టైర్లు, మూడు గేర్లు, అడ్డ కడ్డీ లేకుండా కిందికి వంగిన ఫ్రేము. జనం దున్నపోతు అని వెక్కిరించారు. నేను దాన్ని మెచ్చుకుంటాను. బరువెక్కువ, వేగం తక్కువ. నిటారుగా కూర్చుంటాం, చుట్టూ కనిపిస్తుంది. కాలు ఎత్తి దాటక్కర్లేదు కాబట్టి తూలితే వెంటనే కాలు ఆనుతుంది. చక్రంలో డైనమో, లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి, ఆపేసే స్విచ్చే ఉండదు. హెల్మెట్‌కి మనిషి ఒప్పుకోవాలి. లైటుకి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. నాకు ఆ తేడా నచ్చుతుంది.

బ్రేకులు. పట్టకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు. మరీ పట్టినా ప్రమాదమే. 2019 ఏప్రిల్‌లో న్యూయార్క్, వాషింగ్టన్, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో ఎలక్ట్రిక్ అద్దె సైకిళ్ళని ఒక్కసారిగా వెనక్కి తీసుకున్నారు. ముందు చక్రం బ్రేకు అనుకున్నదానికంటే గట్టిగా పట్టేస్తోందని. కొత్తవాడు కంగారులో గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీంచి ముందుకి ఎగిరిపోతాడు. అద్దె సైకిల్ ఎక్కేవాళ్ళలో సగం మంది ఎప్పుడూ కొత్తవాళ్ళే. ఆ బండి మీద అది వాళ్ళకి మొదటిసారి.

కీచుబ్రేకు గారూ, మీ 60 సైకిళ్ళకి రోజూ బ్రేకు, టైరు గాలి, బెల్లు, హ్యాండిల్ బోల్టు చూసే మనిషిని పెట్టారా? లేకపోతే హెల్మెట్ గొడవ పక్కన పెట్టి ముందు ఆ మనిషిని వెతకండి.

కీచుబ్రేకు
వారానికోసారి అనుకున్నాం...

మూడోగేరు
మీ పేరే మీ సైకిళ్ళకి వస్తుంది.

గాలివాటం
😂

కీచుబ్రేకు
సరే, దాచడం ఎందుకు. ట్రయల్‌లో నలుగురు పడ్డారు. ముగ్గురు ఒకేచోట పడ్డారు, లైబ్రరీ వెనక వాలులో మలుపు, అక్కడ మురుగుకాలవ మీద ఇనుప జాలీ ఉంది. జాలీ కడ్డీలు దారి పొడవునే ఉన్నాయి, చక్రం వాటి సందులో దిగిపోతుంది. ఎవరికీ పెద్ద దెబ్బలు కాలేదు. ఇది మాకు సెక్యూరిటీ గార్డు చెప్పాడు, మా యాప్ కాదు. మీటింగులో ఆ జాలీ మాట ఒక్కసారి కూడా రాలేదు. హెల్మెట్ రంగు మీద నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం.

చైన్_ఊడింది
ఇక నేనేం చెప్పక్కర్లేదు. జాలీని అడ్డంగా తిప్పి బిగించండి. ఒక పూట పని.

రాత్రిపాళీ
తిప్పండి, వెంటనే తిప్పండి. కానీ హెల్మెట్ వద్దని దీని అర్థం కాదు. అన్ని జాలీలూ మీకు తెలిసినవి కావు.

నీలిగొడుగు
నేనైతే ఇలా ఇస్తాను. సైకిల్‌కే కట్టి, కేబుల్ హెల్మెట్ సందుల్లోంచి వెళ్ళాలి. బిగువు సర్దుకోడానికి వెనక తిప్పే చక్రం ఉన్నది కొనండి, తల చుట్టుకొలత 54 నుంచి 61 సెంటీమీటర్ల దాకా ఒకటే సరిపోతుంది. దానికి దిగువన జడ బయటికి వచ్చే సందు ఉండాలి. పెద్ద తలలవాళ్ళకి స్టాండ్‌కి రెండు వేరే సైజువి. లోపల మెత్త ఊడదీసి ఉతికేది కావాలి. పల్చటి వాడిపారేసే టోపీలు ఒక డబ్బాలో పెట్టండి, స్నానం టోపీలాంటివి. చూడ్డానికి బాగోదు కానీ నేను పెట్టుకుంటాను.

వానకి తడవకుండా బోర్లించి వేలాడదీయండి. బుట్టలో వెల్లకిలా పెడితే అది గిన్నే, పక్షుల తప్పేం లేదు.

గాలివాటం
కేబుల్ ఖాళీగా గుచ్చేసి హెల్మెట్ ఇంటికి పట్టుకుపోతే?

మూడోగేరు
పోతాయి కొన్ని. ఆస్ట్రేలియాలో న్యూరాన్ అనే కంపెనీ అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్లకి యాప్‌తోనే తెరుచుకునే హెల్మెట్ లాక్ ఉంది. మీకు అంత అక్కర్లేదు. సైకిల్ నంబరే హెల్మెట్ మీద పెద్దగా వేయించండి, రెండు వైపులా. 37 నంబరు హెల్మెట్ వేసుకుని సొంత బండి మీద తిరగడానికి మొహమాటపడతారు.

బుడిబుడి
మెషీన్ మాట వదిలేశారు. బోస్టన్‌లో 2013లో పెట్టారని విన్నా.

మూడోగేరు
ఎంఐటీ విద్యార్థులు తయారుచేసింది. హెల్మెట్ అద్దెకిచ్చే మెషీన్. మంచి ఆలోచనే, 60 సైకిళ్ళకి మాత్రం చీమని కొట్టడానికి గునపం.

తొక్కుడుబిళ్ళ
జోకులాపి ఒకటి చెప్పాలి. సొట్టబుర్ర గారి జాతకం పోస్టు చదివినప్పట్నించీ మనసులో కెలుకుతోంది.

ఏడాది కిందట ఒక అద్దె సైకిల్ మీంచి పడ్డా. ఇసకలో జారింది. హెల్మెట్ పక్కన నేలకి గట్టిగా కొట్టుకుంది, చెవిలో గంట మోగినట్టయింది. తలకి ఏమీ కాలేదు. లేచి, దుమ్ము తుడిచి, గీత కనబడకుండా తడి గుడ్డతో రుద్ది, లాక్ వేసి వచ్చేశా. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే యాప్‌లో "వస్తువు దెబ్బతింటే డిపాజిట్‌లో కోత" అని ఉంది.

సొట్టబుర్ర
మర్నాడు ఆ హెల్మెట్ ఇంకొకరు పెట్టుకున్నారు.

తొక్కుడుబిళ్ళ
తెలుసు. అందుకే రాశా.

సొట్టబుర్ర
మిమ్మల్ని అనట్లేదు. మీ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. నిజం చెబితే డబ్బు పోతుంది, దాస్తే ఏమీ కాదు అని నియమం రాసినవాడిది తప్పు. హెల్మెట్‌కి జాతకం రాసేది ల్యాబ్ కాదు, పడ్డవాడే. వాడి నోరు నొక్కేసి ఎన్ని హెల్మెట్లు కొన్నా గుడ్డిగా ఇస్తున్నట్టే.

కీచుబ్రేకు
ఇప్పుడే మా నిబంధనలు తీసి చూశా. నాలుగో అంశం: "హెల్మెట్, సైకిల్ దెబ్బతిన్నచో మరమ్మతు ఖర్చు డిపాజిట్ నుండి మినహాయించబడును." రాసింది నేనే.

లెక్కలమాస్టారు
నలుగురు పడ్డారని గార్డు చెప్పాడన్నారు. గార్డు లేని చోట ఎంతమంది పడ్డారో మీకు లెక్క లేదు. ఆ నాలుగు అనేది నాలుగు కాదు.

రాత్రిపాళీ
యాప్‌లో ఒక బటన్ పెట్టండి: "పడ్డాను". నొక్కితే ఎక్కడ అని ఒక్క ప్రశ్న. కోత లేదు, సంతకం లేదు, ఎందుకు పడ్డావని అడగొద్దు. నొక్కగానే ఆ సైకిల్, ఆ హెల్మెట్ రెండూ లాకైపోవాలి.

చైన్_ఊడింది
ఇది నాకూ నచ్చింది. జాలీలు కూడా దొరుకుతాయి దీంతో.

రాత్రిపాళీ
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

గాలివాటం
ఊరికే బటన్ నొక్కి ఆడుకునేవాళ్ళుంటారు.

మూడోగేరు
ఉంటారు. నాలుగు రోజులు షెడ్డు మనిషికి పని పెరుగుతుంది. పగిలిన హెల్మెట్ ఇంకో తల మీదకి ఎక్కడం కంటే అదే నయం.

కీచుబ్రేకు
రెండు వారాలు కనిపించలేదు, సారీ. జాలీ తిప్పించాం. రోజూ చూడ్డానికి మనిషి దొరికాడు, రిటైరైన మెకానిక్, బ్రేకు చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు. హెల్మెట్లు నీలిగొడుగు గారు చెప్పినట్టు కేబుల్‌కి, బోర్లించి. నాలుగో అంశం కొట్టేయడానికి అకౌంట్స్ వాళ్ళతో రెండు మీటింగులు పట్టింది, పైవాళ్ళే చివరికి మా వైపు వచ్చారు.

"పడ్డాను" బటన్ సోమవారం పెట్టాం. మొదటి రోజే ఒకటి వచ్చింది. ఆ పిల్లాడు పడింది ఆ రోజు కాదు. ట్రయల్‌లో, నెల కిందట, 14 నంబరు. ఇప్పుడు చెప్పినా ఏం కాదు కదా అని రాశాడు. 14 హెల్మెట్ తెప్పించి చూశాం. బయట నిగనిగలాడుతోంది. లోపల మెత్త ఊడదీస్తే థర్మాకోల్‌లో ఎడమ చెవి పైన వేలెడంత పగులు.

నీలిగొడుగు
నెల రోజుల్లో ఎంతమంది పెట్టుకున్నారు దాన్ని?

కీచుబ్రేకు
ఆ సైకిల్ 31 సార్లు బయటికి వెళ్ళింది. ఎంతమంది హెల్మెట్ పెట్టుకున్నారో లెక్క లేదు.

తొక్కుడుబిళ్ళ
ఆ పిల్లాడికి నా తరఫున ఒక టీ.

సొట్టబుర్ర
దాన్ని చెత్తబుట్టలో పడేసే ముందు పట్టీలు కత్తిరించండి. లేకపోతే బాగానే ఉంది కదా అని ఎవరో ఒకరు తీసుకెళ్ళి పెట్టుకుంటారు.